పేపర్ ఉచితమే, మరి ఆ సైటు ఎవరిది?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లోనో, కడప వేమన యూనివర్సిటీలోనో సోషల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు "పేపర్ ఎక్కడ పెట్టాలి సార్" అని అడిగితే, ఎక్కువగా వినిపించే జవాబు ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్, అంటే జర్నల్లో రాకముందే పరిశోధన పేపర్లు పెట్టుకునే సైటు. గూగుల్‌లో దొరుకుతుంది, డీఓఐ (పేపర్‌కి శాశ్వత గుర్తింపు సంఖ్య) వస్తుంది, ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో అంకె కనిపిస్తుంది, రూపాయి ఖర్చు లేదు. నిజమే, కానీ ఆ సైటు ఎలా చేతులు మారిందో కూడా తెలుసుకుని పెట్టాలి.

ఇలా పేపర్లు పెట్టుకోవడానికి ఫిజిక్స్ వాళ్లకు 1991 నుంచే ఆర్‌కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆ భాండాగారం 2001లో కార్నెల్ యూనివర్సిటీకి వెళ్లింది, ఎవరి లాభం కోసమూ నడవడం లేదు. సోషల్ సైన్సెస్ దారి వేరైంది. 1994లో మైకేల్ జెన్సన్, వేన్ మార్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ పెట్టారు. ఇద్దరూ ప్రొఫెసర్లే అయినా పెట్టింది ప్రైవేటు కంపెనీ. ఎకనామిక్స్, లా, ఫైనాన్స్ వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా తమ సొంతిల్లు అనుకుని పేపర్లు నింపారు. 2016 మేలో దాన్ని ఎల్సేవియర్ కొనేసింది. కంపెనీ కాబట్టి అమ్మకానికి అడ్డం లేదు, పేపర్లు ఇచ్చినవాళ్లను అడగాల్సిన పనీ లేదు.

కొన్నది జర్నళ్లు అమ్ముకునే సంస్థ. పేపర్లు, రిఫరెన్సులు దాచుకునే మెండలీని 2013లోనే తీసుకుంది, యూనివర్సిటీలకు భాండాగారాలు నడిపే బీప్రెస్‌ని 2017లో తీసుకుంది, ఏ పేపర్‌ని ఎవరు ఉదహరించారో లెక్కపెట్టే స్కోపస్ ఎలాగూ దానిదే. ఎవరు ఏం రాస్తున్నారు, ఏది ఎక్కువ చదువుతున్నారు అన్న సమాచారమంతా ఒకే చోటికి చేరుతుంది, అదే మళ్లీ యూనివర్సిటీలకు సరుకుగా వస్తుంది. కొన్న కొద్ది వారాలకే కొందరి పేపర్లు కాపీరైట్ అనుమానంతో, వాళ్లకు ముందుగా చెప్పకుండానే తీసేశారు. గొడవయ్యాక పొరపాటు జరిగిందని ఒప్పుకున్నారు. అక్కడి పేపర్లు నేటికీ ఉచితంగానే చదవొచ్చు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. రేపు కూడా అలాగే ఉంచాలని వాళ్లను కట్టిపడేసేది మాత్రం ఏదీ లేదు, నా బాధల్లా అదే.

దీనికి జవాబుగా అదే 2016లో సోషియాలజీ ప్రొఫెసర్ ఫిలిప్ కోహెన్, మరికొందరు కలిసి సోషల్ సైన్సెస్ పేపర్లకే సోస్‌ఆర్‌కైవ్ అనే భాండాగారం మొదలుపెట్టారు. లాభాపేక్ష లేని సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ వేదిక మీద నడుస్తుంది. మన పేపర్‌ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు మనమే ఎంచుకోవచ్చు, వచ్చిన పేపర్‌ని మోడరేటర్లు ఒకసారి చూసి పెడతారు.

లాభాపేక్ష లేదన్నంత మాత్రాన డబ్బు సమస్య తీరదు. అదే వేదిక మీద మన దేశానికంటూ 2019లో ఇండియాఆర్‌కైవ్ అనే భాండాగారం వచ్చింది. తర్వాత సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ వాళ్లు నిర్వహణ ఫీజు అడగడంతో ఇండోనేషియా భాండాగారంతో పాటు ఇదీ నిధుల ఇబ్బందిలో పడింది. ఇటు మన ప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ఎల్సేవియర్‌తో సహా 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు చదివించడానికి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. అందులో వందో వంతు మన పేపర్లు మనం దాచుకోవడానికి పెడితే ఎంత పని జరిగేదో! యూనివర్సిటీ లైబ్రరీల కోసం యూజీసీ పెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ ఉంది, చాలా మంచి పని, కానీ అది థీసిస్‌ల కోసం.

కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతు పనులు మానుకుని కూర్చుని, అప్పెంత, బోరు ఎన్నిసార్లు వేయించావు, పిల్లలు ఏ ఊరికి వలస పోయారు అని అడిగితే అన్నింటికీ జవాబు చెప్తాడు. ఆ జవాబులతో రాసిన పేపర్ ఎక్కడో ఉన్న కంపెనీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదు. సోస్‌ఆర్‌కైవ్‌లో పెట్టండి, ఒక కాపీ మీ లైబ్రరీకీ ఇవ్వండి. కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ, ఎస్కేయూ, వేమన మూడూ కలిసి ఒక భాండాగారం పెట్టుకోవచ్చు కదా? ఇలాంటి భాండాగారం నడపడానికి డీస్పేస్ సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఉచితంగానే ఉంది. కావాల్సింది ఒక సర్వరు, అదే పనిగా చూసుకునే ఒక లైబ్రేరియన్ పోస్టు.