ఆ తీర్పు లీ ఊహించింది కాదు

హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివిన ప్రతిసారీ నేను ఒకే చోట ఆగిపోతాను. తెల్లజాతి యువతిపై అత్యాచారం చేశాడని ఆరోపణ పడ్డ నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్ ఏ తప్పూ చేయలేదని కోర్టులో తేలిపోయాక కూడా జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, అతన్ని దోషి అంటుంది. టామ్ తరఫు లాయరు కొడుకు, పిల్లవాడు జెమ్ అది తట్టుకోలేక ఏడుస్తాడు.

1926లో అమెరికాలోని అలబామా రాష్ట్రం మన్రోవిల్‌లో పుట్టిన లీకి అలాంటి తీర్పులు కొత్త కాదు. ఆమె తండ్రి ఏ.సీ. లీ లాయరు. 1919లో హత్య కేసులో ఇద్దరు నల్లజాతివాళ్ల తరఫున వాదించి ఓడిపోయారు. ఇద్దరినీ ఉరితీశారు. తర్వాత ఆయన మన్రోవిల్ పత్రికకు సంపాదకుడయ్యారు.

నవల కథాకాలం 1930లు, అది కూడా ఊరికే ఎంచుకున్నది కాదు. 1931 మార్చి 25న అలబామాలో ఒక గూడ్సు రైలు ఆపి తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను పట్టుకున్నారు. ఇద్దరు తెల్లజాతి యువతులపై అత్యాచారం చేశారన్నది ఆరోపణ. స్కాట్స్‌బరోలో రెండు వారాలకే విచారణ మొదలైంది. నాలుగు రోజుల్లో ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. వాళ్ల తరఫున సరిగా వాదించే లాయరే లేడని 1932లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. మరుసటి ఏడాది ఆ యువతుల్లో ఒకరు అసలు అత్యాచారమే జరగలేదని సాక్ష్యమిచ్చారు. అయినా జ్యూరీ మళ్లీ దోషి అనే తేల్చింది! ఆ తీర్పును పక్కన పెట్టిన జడ్జి జేమ్స్ హార్టన్ 1934లో జడ్జి పదవికి జరిగిన ఎన్నికలో ఓడి ఆ పదవి పోగొట్టుకున్నారు. నిజం తెలిసీ ఒప్పుకోని జ్యూరీని లీ నవలలో చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ కేసే.

మన్రోవిల్‌లోనే 1933లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషి మీద ఇలాంటి ఆరోపణే వచ్చింది. ముందు మరణశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చారు. అప్పటికి లీ బడిపిల్ల.

నవల 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఊరికి పేరొచ్చింది. కానీ 1987లో అదే మన్రో కౌంటీలో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని చేయని హత్యకు అరెస్టు చేశారు. విచారణ కూడా మొదలవకముందే మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. జ్యూరీ యావజ్జీవం చాలంటే జడ్జి మరణశిక్ష వేశారు. సాక్ష్యం అబద్ధమని తేలి, 1993లో గానీ ఆయన బయటికి రాలేదు.

మన్రోవిల్ పాత కోర్టు ఇప్పుడు మ్యూజియం. ఏటా వసంతకాలంలో ఈ నవలను నాటకంగా వేస్తారు. విచారణ ఘట్టం ఆ కోర్టు హాల్లోనే జరుగుతుంది. జ్యూరీ కుర్చీల్లోకి ప్రేక్షకుల్లోంచే మనుషుల్ని పిలుస్తారు.