కరగడమే పనిగా ఉన్న దారాలు

నీళ్లలో వేయగానే కరిగిపోయే దారం ఎవరికి కావాలన్న సందేహం సహజమే. వస్త్ర పరిశ్రమలో ఇటువంటి దారం ఒంటరిగా పనిచేయదు. వేరొక నూలుకు తోడుగా నిలిచి, నేత గానీ అల్లిక గానీ కుట్టు గానీ పూర్తయ్యేదాకా దానికి బలమిచ్చి, ఆ తరువాత వేడినీటిలో తొలగిపోతుంది. స్లాబు గట్టిపడేవరకు ఉంచి ఆపైన విప్పివేసే సెంట్రింగ్ వంటిదే దీని పాత్ర.

ఈ అవసరానికి నేడు ఎక్కువగా వాడుతున్నది పాలీవినైల్ ఆల్కహాల్, క్లుప్తంగా పీవీఏ. దీన్ని 1924లో జర్మనీలో హెర్మన్, హేనెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. వినైల్ ఆల్కహాల్ విడి అణువుగా నిలవక వెంటనే ఎసిటాల్డిహైడ్‌గా మారిపోతుంది కాబట్టి, ముందుగా వినైల్ ఎసిటేట్ అణువులను గొలుసుగా కూర్చి, ఆ గొలుసు మీది ఎసిటేట్ సమూహాలను క్షారం సాయంతో తొలగించి, వాటి స్థానంలో హైడ్రాక్సిల్ సమూహాలు మిగిలేలా చేస్తారు. ఎసిటేట్లు తొలగని తొలి గొలుసే వడ్రంగులు వాడే తెల్ల జిగురులోని ముఖ్య పదార్థం.

నీటిని ఆకర్షించేవి హైడ్రాక్సిల్ సమూహాలే కనుక అవి పెరిగేకొద్దీ పీవీఏ మరింత తేలికగా కరగాలని మనం అనుకుంటాం. వాస్తవం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఎసిటేట్లలో దాదాపు 88 శాతం తొలగిన పీవీఏ చన్నీటిలోనే కరుగుతుంది. 98 శాతానికి పైగా తొలగినదాన్ని కరిగించాలంటే నీటిని 80, 90 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయాలి. పక్కపక్కనున్న గొలుసుల హైడ్రాక్సిల్ సమూహాలు నీటితో కలవడానికి బదులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకొని స్ఫటికాలుగా బిగుసుకోవడమే ఇందుకు కారణం. మిగిలిపోయిన ఎసిటేట్లు ఆ బిగువుకు అడ్డుపడి నీటికి దారి ఇస్తాయి. పోగును ఎంత సాగదీశారు, ఎంత వేడిలో ఆరబెట్టారు అన్నవి కూడా కరిగే ఉష్ణోగ్రతను మారుస్తాయి కాబట్టి, అవసరానికి తగిన దారాన్ని తయారీదారులు ముందే నిర్ణయించి తీయగలుగుతున్నారు.

విచిత్రమేమిటంటే, పీవీఏ పోగుల మీద తొలినాళ్లలో జరిగిన శ్రమలో చాలా భాగం అవి కరగకుండా చేయడానికే సాగింది. 1939లో క్యోటో విశ్వవిద్యాలయంలో ఇచిరో సకురాద, కొరియాకు చెందిన రి సంగ్-గి తదితరులు ఈ పోగులను వేడిచేసి, ఫార్మాల్డిహైడ్‌తో చర్య జరిపి, నీటికి తట్టుకునే వినైలాన్‌ను సాధించారు. సముద్రపు గోధుమరంగు నాచు నుంచి తీసే ఆల్జినేట్ పోగుదీ ఇలాంటి కథే. 1940లలో బ్రిటన్‌లో దానితో బట్టలు నేయాలని చూస్తే, అది సబ్బునీటిలోని సోడియంకు తన కాల్షియంను వదిలేసి కరగసాగింది. ఉతికితే పోయే బట్టను ఎవరు కొంటారు? కానీ మేజోళ్ల యంత్రాలు ఒకదాని వెంట ఒకటిగా అల్లే మేజోళ్లను విడదీయడానికి, వాటి మధ్య వేసే దారంగా అదే చక్కగా పనికివచ్చింది. నా దృష్టిలో ఈ రంగం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన మలుపు ఇదే.

మెత్తని టెర్రీ తువ్వాళ్ల తయారీలో పీవీఏ చేసే పని మరింత సూక్ష్మమైనది. పురి ఎక్కువగా ఉన్న నూలు బలంగా ఉంటుంది గానీ గరుకుగా ఉండి నీటిని నెమ్మదిగా పీలుస్తుంది; పురి లేని నూలు మగ్గం మీద తెగిపోతుంది. అందుకని పత్తి నూలుకు పీవీఏ దారాన్ని జతచేసి, పత్తికి ఉన్న పురికి వ్యతిరేక దిశలో మెలిపెడతారు. పత్తి పురి విడిపోతున్నా పీవీఏ దాన్ని పట్టి ఉంచుతుంది. నేత ముగిశాక తువ్వాలును మరిగేంత వేడినీటిలో కడిగితే పీవీఏ పోయి, పురి లేని పత్తి ఉబ్బి మెత్తగా మిగులుతుంది.

జాకెట్ చేతుల అంచులకు వేసే గిపూర్ లేసు వెనుక కూడా మాయమైన ఒక బట్ట ఉంది. నర్సాపురం లేసును దారంతోనే చేత్తో అల్లుతారు. గిపూర్ వంటి యంత్రపు లేసును మాత్రం ఒక ఆధారపు బట్ట మీద కుట్టి, ఆపైన ఆ బట్టను తొలగిస్తారు. 1880లలో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ ప్రాంతంలో పట్టుబట్ట మీద పత్తి దారంతో కుట్టి పట్టును క్షారంతో కరిగించేవారు. నేడు పీవీఏ బట్ట, నీళ్లు చాలు. కాగితపు మిల్లుల్లోనైతే పీవీఏ పోగులు ఆరబెట్టే వేడికి తడి కాగితంలోనే కరిగి, మిగతా పోగులను అంటించే జిగురవుతాయి.

కరిగిన పీవీఏ కంటికి కనబడకపోయినా నీటిలోనే ఉంటుంది. దాన్ని ఆహారంగా తీసుకోగల బ్యాక్టీరియాను 1970లలో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు గానీ, అటువంటి సూక్ష్మజీవులు అలవాటుపడి పెరిగిన శుద్ధికేంద్రంలో మాత్రమే, తగినంత సమయం చిక్కితేనే ఆ పని సవ్యంగా జరుగుతుంది. పడుగుకు గంజిగా పీవీఏను వాడే పెద్ద మిల్లులు కొన్ని, కడిగిన నీటిని సన్నని రంధ్రాల పొరల గుండా వడకట్టి, అందులోని పీవీఏను మళ్లీ గంజిగానే వాడుకుంటున్నాయి.