పగులు పెట్టి పెట్టే పరీక్ష

అణు విద్యుత్ కేంద్రంలో పైపు అతుకును అల్ట్రాసౌండ్‌తో తనిఖీ చేసినవాడు ‘పగులు లేదు’ అని రాసిస్తే, అది నిజమో కాదో అక్కడికక్కడ తేల్చుకునే దారి లేదు. అందుకే కావాలని పగుళ్లు పెట్టిన పైపు ముక్కల మీద ముందే పరీక్ష పెడతారు. 1980లలో అమెరికాలోని మరిగే నీటి రియాక్టర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుల్లో పగుళ్లు వరసగా బయటపడ్డాక అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) కోడ్ సెక్షన్ 11లో, ఈ పరీక్ష నియమాలతో అపెండిక్స్ 8 చేరింది. 1999లో అక్కడి నియంత్రణ సంస్థ దాన్ని తప్పనిసరి చేసింది.

పరీక్ష కంటే కష్టం పగులు తయారీ. స్పార్క్ కోతతో గాడి తీయడం సులువు, లోతూ కచ్చితంగా వస్తుంది. కానీ గాడి గోడలు నున్నన, శబ్దం అద్దం మీది వెలుగులా తిరిగొస్తుంది. అసలు పగులు వంకర్లు పోతుంది, కొమ్మలు వేస్తుంది. దాని ముఖాలు ఒత్తుకున్న చోట శబ్దం దాటిపోతుంది కూడా. గాడి మీద చేయి తిరిగినవాడు పగులు దగ్గర బోల్తా పడతాడు. కాబట్టి లోహాన్ని మార్చి మార్చి వేడిచేసి, చల్లార్చి పగులు పెంచుతారు. లేదా పగిలిన ముక్కను తెచ్చి పొదుగుతారు. పొదిగిన అంచు కూడా ప్రతిధ్వనిస్తే అభ్యర్థి పట్టుకునేది పగుల్ని కాదు, మాసికను. ఆ నమూనా ఇక పరీక్షకు పనికిరాదు.

తెర మీద తికమక పెట్టేది రూట్, అంటే అతుకు అడుగు భాగం. వెల్డింగ్ లోపలి ఉబ్బు, కౌంటర్‌బోర్ మెట్టు (పైపు కొస లోపలి వైపు తొలిచిన చోటి అంచు) రెండూ పగులులాగే నిటారు సిగ్నల్ ఇస్తాయి. పగులైతే, అది పైపు లోపలి గోడను కలిసే మూల నుంచి వచ్చే సిగ్నల్‌కు కాస్త ముందు, పగులు కొస నుంచి మరో సన్నటి సిగ్నల్ కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య దూరమే లోతు చెబుతుంది. పైపుల పరీక్షలో లోతు కొలతలో తప్పు ఆర్‌ఎంఎస్ (తప్పుల వర్గాల సగటుకు వర్గమూలం) లెక్కన 3.2 మిల్లీమీటర్లు దాటకూడదు.

పగుళ్లున్న భాగాలు 10 ఇస్తే కనీసం 8 పట్టాలి. పగుల్లేని 20 భాగాల్లో 3కు మించి ‘ఉంది’ అనకూడదు. ఈ రెండో షరతు నా లెక్కలో మొదటిదంత ముఖ్యం. లేని పగులుకు మరమ్మతు చేస్తే కార్మికులకు రేడియేషన్ తగులుతుంది, కొత్త వెల్డింగ్ వదిలిన ఒత్తిడే రేపటి పగులుకు విత్తనమవుతుంది. పగుళ్ల చోట్లు బయటికి పొక్కకుండా నమూనాల లోపలి వైపు కప్పేస్తారు.

2012లో వర్జీనియాలోని నార్త్ ఆనా ఒకటో యూనిట్‌లో ఆవిరి జనరేటర్ నాజిల్ (పైపు కలిసే మూతి) అతుకును చేత్తో అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తే పగుళ్లు దొరకలేదు. తర్వాత బయటి ఉపరితలాన్ని చెక్కుతుంటే నీరు ఊరింది, పైపు పొడవు దిశలో ఐదు పగుళ్లు తేలాయి. ఇలాంటివి పట్టాలంటే శబ్దాన్ని చుట్టుకొలత వెంట పంపాలి. శబ్దం పంపే ప్రోబ్ అడుగు అతుకు బయటి వంపుకు ఆనకపోతే శబ్దం లోపలికే పోదు. అందుచేత నమూనాలో పగులు ఉంటే చాలదు, ప్లాంటులోని అతుకు బయటి వంపూ వాలూ కూడా ఉండాలి.