ఆఫ్రికా నగరాల గాలి: తరచూ వినిపించే అపోహలు, కొలిస్తే తేలే వాస్తవాలు

గాలి నాణ్యత కొలవడం నా వృత్తి. కంపాలా (ఉగాండా), నైరోబీ (కెన్యా), అక్రా (ఘనా), లాగోస్ (నైజీరియా) లాంటి నగరాల్లో పరికరాలు బిగించడం, అవి చెప్పే అంకెలు సరిచూడటం, ఆ అంకెలు పట్టుకుని నగరపాలక సంస్థల వాళ్ళతో, ఇంధన శాఖల వాళ్ళతో మాట్లాడటం నా రోజువారీ పని. ఊరికి ఫోన్ చేసినా, ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది భోజనాలకు వెళ్ళినా ఈ పని గురించి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ మాటల్లో కొన్ని నమ్మకాలు పదే పదే వినిపిస్తాయి. ఇక్కడ 54 దేశాలున్నాయి, కైరో గాలికీ కేప్‌టౌన్ గాలికీ పొంతన లేదు. అందుకని ఎక్కడి సంగతి అక్కడిదిగానే చదువుకోండి.

అపోహ: ఫ్యాక్టరీలు తక్కువ కాబట్టి గాలి శుభ్రంగానే ఉంటుంది

2019లో వాయు కాలుష్యం వల్ల ఆఫ్రికాలో సుమారు 11 లక్షల మంది చనిపోయారని 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు 7 లక్షల మరణాలు వంటింటి పొగవల్లే. మిగతా 4 లక్షలు బయటి గాలి వల్ల. మొదటి రకం మెల్లగా తగ్గుతోంది, రెండోది పెరుగుతోంది. నగరాలు పెరిగేకొద్దీ పొగ వంటింట్లోంచి వీధిలోకి వస్తోంది.

ఆ పొగ ఫ్యాక్టరీ గొట్టం నుంచే రానక్కర్లేదు. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, జనరేటర్, పాత డీజిల్ బండి, రోడ్డు పక్కన తగలబెట్టే చెత్త, వీటిలో ఒక్కోటీ చిన్నదే. లక్షల చోట్ల ఒకేసారి వెలిగితే అదే పెద్ద ఫ్యాక్టరీ. నియంత్రించడం కూడా ఫ్యాక్టరీ కన్నా కష్టం, ఎందుకంటే నోటీసు ఇవ్వడానికి ఒక యజమాని ఉండడు.

అపోహ: అదంతా సహారా దుమ్ము, మనం చేయగలిగింది లేదు

పశ్చిమ ఆఫ్రికాలో అధికారుల నోట కూడా విన్న మాట ఇది. ఇందులో కొంత నిజం ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా సహారా మీదుగా హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది. చాద్‌లోని బొడెలే పల్లం నుంచి లేచిన దుమ్ము నైజీరియాలోని కానో దాకా, అక్రా దాకా వస్తుంది. పెదాలు పగులుతాయి, పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని నడపాల్సి వస్తుంది, విమానాలు ఆగిపోతాయి.

అయితే ఏది దుమ్మో, ఏది పొగో చెప్పడం కష్టమేం కాదు. మేం ఒక చిన్న తెల్లటి ఫిల్టర్ గుండా 24 గంటలు గాలిని లాగుతాం. హర్మటాన్ రోజున తీసిన ఫిల్టర్‌ని పట్టకారుతో ఎత్తి చూస్తే లేత ఇసుక రంగులో ఉంటుంది. వానలు పడి దుమ్ము అణిగాక, బస్సులు ఆగే కూడలిలో తీసిన ఫిల్టర్ నల్లగా ఉంటుంది, మసి నలుపు. తూకంలో రెండూ దగ్గర దగ్గరగా ఉండొచ్చు. రంగు మాత్రం ఏది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేస్తుంది. హర్మటాన్ ఊసే లేని కంపాలాలో కూడా సన్నని నలుసులు, అంటే పీఎం 2.5, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఆ హద్దు 2021 నుంచి ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు. ఎడారిని ఆపలేం, నిజమే. ఆ నల్లటి భాగం మాత్రం మనుషులు చేసిందే, మనుషులు తగ్గించగలిగిందే.

అపోహ: మెరుగైన పొయ్యి పంచితే వంటింటి సమస్య తీరిపోతుంది

ఈ నమ్మకం మీద దాతల డబ్బు చాలా ఖర్చయింది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మలావీలో పది వేలకు పైగా చిన్న పిల్లలతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. సగం గ్రామాలకు ఫ్యాన్ ఉన్న, తక్కువ పొగ వచ్చే కట్టెల పొయ్యిలు ఇచ్చారు, ఫ్యాన్‌కు సోలార్ పలక కూడా ఇచ్చారు. రెండేళ్ళు చూశారు. ఐదేళ్ళలోపు పిల్లల్లో న్యుమోనియా తగ్గలేదు. 2016లో ఫలితాలు లాన్సెట్‌లో వచ్చినప్పుడు ఈ రంగంలో చాలామంది నిరాశపడ్డారు. కారణాలు వెతికితే దొరుకుతాయి. పొయ్యిలు చెడిపోయాయి, బాగుచేసేవాళ్ళు దగ్గర్లో లేరు. పక్కింటి పొగ వస్తూనే ఉంది, చెత్త మంట ఆగలేదు. అసలు కట్టె మండితే ఎంత మంచి పొయ్యిలోనైనా నలుసులు వస్తాయి.

వంటగ్యాస్ ఇస్తే? రువాండా, మన పక్కనే ఉన్న తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ కలిపి జరిగిన ఇంకో ప్రయోగంలో గర్భిణులకు గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇంటికే చేర్చారు. వాళ్ళు పీల్చే పీఎం 2.5 మధ్యస్థ స్థాయి, కట్టెలు వాడే ఇళ్ళలో 70 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, వీళ్ళకు 24కి దిగింది. అయినా పుట్టిన పిల్లల బరువులో, తీవ్ర న్యుమోనియాలో స్పష్టమైన తేడా రాలేదు. ఈ మాట దాచిపెట్టి గ్యాస్ గురించి ప్రచారం చేయడం నాకు నచ్చదు. పొగ మూడింట రెండొంతులు తగ్గింది, అది చిన్న విషయం కాదు. తల్లికి కళ్ళ మంట, దగ్గు లేని వంటిల్లు దానికదే విలువైనది. కానీ 24 అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు అయిన 5కి ఇంకా దాదాపు ఐదు రెట్లు. ఒక ఇల్లు మారి, వీధి మొత్తం మారకపోతే ఇలాగే ఉంటుంది.

కంపాలాలో సాయంత్రం ఆరు దాటాక ఏ పేటలోకి వెళ్ళినా వరండాల్లో సిగిరి వెలిగిస్తూ కనిపిస్తారు. సిగిరి అంటే మన బొగ్గుల కుంపటే. బొగ్గు త్వరగా రాజుకోవడానికి అడుగున పాలిథీన్ సంచి ముక్క అంటిస్తారు. ఆ పది నిమిషాలు మా మీటర్ అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. బొగ్గు పూర్తిగా రాజుకుని ఎర్రబడ్డాక కంటికి పొగే కనిపించదు, అంకె కూడా దిగుతుంది. దాంతో బొగ్గు శుభ్రమైనదన్న భ్రమ కలుగుతుంది. అప్పుడు వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ వాసనా లేవు. పైగా ఒక కిలో బొగ్గు కోసం పల్లెల్లో మట్టి బట్టీలో ఐదు నుంచి పది కిలోల కట్టె కాలుతుంది. ఆ పొగ నగరం లెక్కలోకి రాదు, అడవి పోయిన సంగతీ రాదు.

మరి జనం గ్యాస్‌కి ఎందుకు మారరు? బొగ్గు రోజుకి సరిపడా కొంచెం కొనుక్కోవచ్చు, సిలిండర్‌కి డబ్బంతా ఒకేసారి పెట్టాలి. కెన్యాలో 2021 జూలైలో వంటగ్యాస్ మీద 16 శాతం వ్యాట్ మళ్ళీ వేశారు. మరుసటి ఏడాది సగానికి తగ్గించారు, 2023లో ఎత్తేశారు. పొయ్యి ఎంత మంచిదన్న చర్చ కన్నా పన్ను గురించి తీసుకునే ఇలాంటి నిర్ణయమే వంటింటిని ఎక్కువ మారుస్తుందని నా అభిప్రాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కనెక్షన్ అందింది. పల్లెల్లో రెండో సిలిండర్‌కు డబ్బు సర్దుబాటు కాక చాలా ఇళ్ళలో కట్టెల పొయ్యి ఆరలేదు.

ఆఫ్రికా అంతటా శుభ్రమైన వంట ఇంధనం చేరాలంటే ఈ దశాబ్దం చివరిదాకా ఏటా 400 కోట్ల డాలర్లు కావాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. 2024 మేలో పారిస్ సదస్సులో ప్రభుత్వాలు, కంపెనీలు కలిసి ఇస్తామన్నది మొత్తం 220 కోట్లు.

అపోహ: పాత బళ్ళు ఆపేస్తే చాలు

ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్కలో 2015 నుంచి 2018 వరకు ప్రపంచంలో ఎగుమతైన 1.4 కోట్ల సెకండ్‌హ్యాండ్ తేలికపాటి వాహనాల్లో 40 శాతం ఆఫ్రికాకే వచ్చాయి. కెన్యా 8 ఏళ్ళు దాటిన కార్లను రానివ్వదు, ఉగాండా 2018లో 15 ఏళ్ళు హద్దు పెట్టింది. ఇవి కావాల్సిన చట్టాలే. కానీ కొత్త బండిలో చెడ్డ డీజిల్ పోస్తే ఏం ప్రయోజనం? ఇంధనంలో గంధకం ఎక్కువైతే పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, డీజిల్ ఫిల్టర్ పూడుకుపోతుంది. అందుకే బండి కన్నా ముందు ఇంధనం మారాలి.

యూరప్‌లో డీజిల్‌లో గంధకం హద్దు పది లక్షల పాళ్ళలో 10. మన దేశంలో బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణంతో 2020 ఏప్రిల్ నుంచి అంతే. ఘనాలో 2017 దాకా 3000 ఉండేది! యూరప్ రేవుల్లో తక్కువ రకం సరుకు కలిపి పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్నారని స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ 2016లో బయటపెట్టింది. ఆ డిసెంబరులోనే ఘనా, నైజీరియా, బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ హద్దు తగ్గిస్తామని ప్రకటించాయి. ఘనా 2017లో 50కి దించింది. తూర్పు ఆఫ్రికా దేశాలైతే 2015 జనవరిలోనే 50కి వచ్చేశాయి. ఒక్క సంతకంతో, ఏ డ్రైవరూ బండి మార్చకుండా, 3000 నుంచి 50. ఈ రంగంలో ఇంత చవకైన మందు ఇంకోటి నేను చూడలేదు.

సీసం కలిపిన పెట్రోలు కథా ఇలాంటిదే. 2001లో సెనెగల్ రాజధాని డకార్‌లో సమావేశమైన సహారా దిగువ దేశాలు దాన్ని ఆపాలని తీర్మానించి 2006 నాటికి ఆపేశాయి. ప్రపంచంలో చివరగా 2021 జూలైలో అల్జీరియా మానేసింది. ఆఫ్రికాలో ఏ నిబంధనా అమలు కాదనేవాళ్ళు ఈ ఐదేళ్ళ పని గురించి చదవాలి.

అపోహ: ముందు అభివృద్ధి కానీ, గాలి సంగతి తర్వాత చూద్దాం

ఈ మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. లాగోస్‌లో 2018లో బయటి గాలి కాలుష్యం వల్ల 11,200 మంది ముందుగా చనిపోయారని, జబ్బులతో కలిపి నష్టం 210 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. చనిపోయినవాళ్ళలో ఐదేళ్ళలోపు పిల్లలే ఎక్కువ. ఇది అభివృద్ధి ఖాతాలోంచి పోయిన డబ్బు, పోయిన మనుషులు.

లాగోస్‌లో కరెంటు పోగానే వీధి వీధంతా జనరేటర్లు మొదలవుతాయి. చిన్న దుకాణాల ముందుండే టూ-స్ట్రోక్ జనరేటర్‌కు పెట్రోల్లో ఇంజిన్ ఆయిల్ కలిపి పోస్తారు. నీలి పొగ నేరుగా దుకాణంలో కూర్చున్న మనిషి ముఖానికే కొడుతుంది. గ్రిడ్ కరెంటు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు పెట్టి కొంటున్న కరెంటు అది. ఇక్కడ నిలకడైన కరెంటు ఇస్తే అభివృద్ధీ వస్తుంది, పొగా తగ్గుతుంది. రెండింట్లో ఏది ముందు అన్న ప్రశ్నే ఉండదు.

దక్షిణాఫ్రికాలో మ్పుమలాంగా బొగ్గు ప్రాంతంలో దీని మీద కోర్టుకే వెళ్ళారు. ఎమలహ్లేని చుట్టుపక్కల థర్మల్ కేంద్రాల పొగ పీల్చే జనం తరఫున గ్రౌండ్‌వర్క్, వుకానీ అనే సంస్థలు కేసు వేశాయి. ఆ గాలి రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఉల్లంఘిస్తోందని 2022 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు చెప్పింది. పర్యావరణ మంత్రి అప్పీలును సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ 2025 ఏప్రిల్లో కొట్టేసింది. అదే సమయంలో ఆ గనుల మీద, కేంద్రాల మీద బతికే కుటుంబాలూ వేలల్లో ఉన్నాయి. కొమాటి థర్మల్ కేంద్రం 2022లో మూసినప్పుడు అక్కడి వాళ్ళకు ప్రత్యామ్నాయం సరిగ్గా అందలేదన్న బాధ ఇంకా వినిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

మరో దారిలో వెళ్తున్న దేశాలూ ఉన్నాయి. కెన్యా కరెంటులో దాదాపు 90 శాతం భూగర్భ వేడి, జల, పవన, సౌర వనరులదే. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిల్ కార్ల దిగుమతే ఆపేసింది. డకార్‌లో అదే ఏడాది పూర్తిగా విద్యుత్ బస్సులతో ప్రత్యేక బస్సు మార్గం మొదలైంది. ఆఫ్రికన్ యూనియన్, ఐక్యరాజ్య సమితి కలిసి 2022లో తెచ్చిన అంచనాలో 37 చర్యలున్నాయి. అమలు చేస్తే 2030 నాటికి ఏటా 2 లక్షల మరణాలు తప్పుతాయని, 2063 నాటికి 8.8 లక్షలని లెక్క కట్టారు.

అపోహ: చెట్లు నాటితే గాలి శుభ్రమవుతుంది

నాటండి, నీడకు, వానకు మంచిది. పొగ మాత్రం పుట్టేచోట ఆగాలి.

అపోహ: చవక సెన్సార్లు బొమ్మలు / యాప్‌లో కనిపించేదే నిజం

రెండూ తప్పే. ఒక ప్రామాణిక యంత్రం ధరకు పదుల కొద్దీ చిన్న సెన్సార్లు వస్తాయి. కంపాలాలోని మకెరెరే విశ్వవిద్యాలయంలో 2015లో మొదలైన ఎయిర్‌క్యూ బృందం ఇక్కడి దుమ్ముకీ ఎండకీ కరెంటు కోతకీ తట్టుకునేలా సెన్సార్లు తయారుచేసి, బోడా బోడాలకు, అంటే బైక్ టాక్సీలకు కూడా బిగించింది. ఆ బైకులు చాలావరకు మన దేశంలో తయారైనవే.

అయితే ఈ సెన్సార్లు కాంతి ఎంత చెదిరిందో చూసి అంచనా కడతాయి. తేమ ఎక్కువైతే నలుసులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, అంకె అసలుకన్నా పెరుగుతుంది. ఎడారి దుమ్ములో ముతక రేణువులని తక్కువగా లెక్కిస్తాయి. అందుకే ముందు ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూసుకోవాలి. కొన్ని నగరాల్లో ఆ యంత్రం అమెరికా రాయబార కార్యాలయంలో మాత్రమే ఉండేది, 2025 మార్చిలో ఆ వివరాలు అందరికీ చూపడం ఆపేశారు. సొంత యంత్రం, దాన్ని నడిపే సొంత మనుషులు లేకపోతే ఇలాగే చిక్కులో పడతాం.

అపోహ: "అన్నా, మేం గేటెడ్ కాంపౌండ్‌లో ఉంటాం, మాకేం కాదుగా?"

ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్ళు అడిగేది ఇది. కాంపౌండ్ గోడ పొగను ఆపదు. పైగా పెద్ద జనరేటర్ గోడ లోపలే ఉంటుంది. దాన్ని కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇళ్ళకు అటువైపు తిరిగేలా పెట్టించండి. నైరోబీలో జూన్, జూలై చలికి గానీ, జొహానెస్‌బర్గ్ చలికాలంలో గానీ బొగ్గుల కుంపటి పడకగదిలో పెట్టి తలుపు వేసుకోవద్దు, పనివాళ్ళనూ పెట్టుకోనివ్వద్దు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కోండి. చాలా కాంపౌండ్లలో జనరేటర్ పక్కనే వాచ్‌మన్ గది కడతారు, రాత్రంతా ఆ పొగ పీల్చేది అతనే. కాంపౌండ్ మీటింగులో ముందు ఆ గది సంగతి అడగండి.