లాంచెస్టర్: టాటాల చేతికి వచ్చిన ఒక పాత పేరు

2008 జూన్ 2న టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్, లాండ్ రోవర్‌లను కొనేసింది. 230 కోట్ల డాలర్ల బేరం. ఆ రోజుల్లో అందరి నోటా వినబడినవి ఆ రెండు పేర్లే. నిజానికి అదే బేరంలో మరికొన్ని పాత బ్రిటిష్ కార్ల పేర్లు కూడా మన దేశానికి వచ్చాయి. డైమ్లర్, రోవర్, లాంచెస్టర్. వీటిలో చివరిదాన్ని మనలో చాలామంది విని ఉండరు. ఆ పేరుతో కొత్త కారు వచ్చి డెబ్బయ్యేళ్లు కావస్తోంది. కానీ మన రోడ్ల మీద తిరిగే బళ్లలో ఆ పేరు వెనకున్న మనిషి ఆలోచనలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అందుకే ఈ కథ తెలిసి ఉండాలనిపిస్తుంది.

ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1868లో లండన్‌లో పుట్టారు. తండ్రి భవనాల ఆర్కిటెక్ట్. చదువు బాగానే సాగినా డిగ్రీ తీసుకోలేదు. 1889లో బర్మింగ్‌హామ్‌లోని ఫార్వర్డ్ గ్యాస్ ఇంజిన్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం వారానికి ఒక పౌండు. ఒప్పందపు కాగితంలో ఒక షరతు ఉంది: అతను ఏం కనిపెట్టినా అది కంపెనీకే చెందుతుంది. ఇరవయ్యేళ్ల ఆ కుర్రాడు సంతకం పెట్టే ముందు ఆ వాక్యాన్ని కలంతో కొట్టేశాడు. తర్వాత అదే కంపెనీ ఇంజిన్లకు వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కనిపెట్టి, ఒక్కోదానికి పది షిల్లింగుల రాయల్టీ తీసుకున్నాడు. పొట్టకూటి ఉద్యోగంలో చేరేటప్పుడు అంత ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

అప్పట్లో బ్రిటన్‌లో కారు నడపడమంటే చట్టంతో పేచీయే. గుర్రం లేని బండి ఊళ్లో గంటకు రెండు మైళ్లు, బయట నాలుగు మైళ్లు మించి పోకూడదు. ముందు ఒక మనిషి నడవాలి. 1865 నాటి చట్టమైతే ఆ మనిషి చేతిలో ఎర్రజెండా కూడా ఉండాలంది. 1896 నవంబర్‌లో కొత్త చట్టం వచ్చి వేగాన్ని 14 మైళ్లకు పెంచింది. లాంచెస్టర్ తన మొదటి కారును అంతకు కొన్ని నెలల ముందే రోడ్డెక్కించారు. అప్పటికి బ్రిటన్‌లో ఈ వ్యాపారంలోకి దిగుతున్నవాళ్లలో చాలామంది జర్మన్, ఫ్రెంచ్ డిజైన్ల హక్కులు కొనుక్కున్నవాళ్లే. ఈయన మాత్రం తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. గుర్రబ్బండికి ఇంజిన్ తగిలించడం కాదు, కారు అనే వస్తువు ఎలా ఉండాలో మొదటినుంచీ ఆలోచించాలన్నది ఆయన పట్టు.

ఆ పట్టు ఎలాంటిదో రెండు మూడు వివరాలు చూస్తే తెలుస్తుంది. ఆయన కార్బురేటర్‌లో, అంటే పెట్రోలును గాలితో కలిపే భాగంలో, నూలు ఒత్తులు ఉండేవి. దీపంలో ఒత్తి నూనెను పైకి లాగినట్టే ఇవి పెట్రోలును పైకి లాగేవి. వాటి మీదుగా పోయే గాలి ఆవిరిని పట్టుకుని ఇంజిన్‌లోకి వెళ్లేది. పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రం లేదు కాబట్టి మట్టి పడి మూసుకుపోయే బాధ కూడా లేదు. ఇంజిన్‌ను ముందు పెట్టకుండా కారు మధ్యలో అమర్చారు. స్ప్రింగుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనిషి నడిచేటప్పుడు ఒళ్లు ఏ లయలో పైకీ కిందికీ కదులుతుందో కారు కూడా ఆ లయలోనే ఊగాలన్నారు. మన ఒంటికి అలవాటైన ఊపు కనుక ప్రయాణంలో అలసట ఉండదని. కారును యంత్రంగా మాత్రమే చూసే మనిషికి ఈ ఆలోచన రాదు.

ఇక వైబ్రేషన్. 1897 నాటికి రెండు సిలిండర్ల ఇంజిన్‌కు రెండు క్రాంక్ షాఫ్టులు (పిస్టన్ల కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసులు) పెట్టి, ఒకదానికి ఎదురుగా ఇంకొకటి తిరిగేలా చేశారు. ఒకటి ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది. అదురు అక్కడికక్కడే చచ్చిపోతుంది. 1902లో డిస్క్ బ్రేక్‌కు పేటెంట్ తీసుకున్నారు. లోహం మీద లోహం రాసుకుని కీచుమనడం వల్ల అది అప్పట్లో నిలబడలేదు. సరైన లైనింగ్ పదార్థం ఇంకా రాలేదు మరి.

1899 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్ స్పార్క్‌బ్రూక్‌లో లాంచెస్టర్ ఇంజిన్ కంపెనీ మొదలైంది. తమ్ముడు జార్జ్ తోడున్నాడు. ఒక కారు భాగం ఇంకో కారుకు అతికినట్టు సరిపోవాలన్నది ఫ్యాక్టరీ నియమం. మిగతాచోట్ల ఫిట్టర్లు ఆకురాయితో రాకుతూ ప్రతి ముక్కనూ సరిపెడుతున్న కాలమది. ఇక్కడ కొలతల గేజ్‌లు పెట్టారు. బయట దొరికే బేరింగులు నచ్చక సొంతంగా చేసుకున్నారు. బాడీలు కట్టే వడ్రంగులు డ్రాయింగ్ ప్రకారం పనిచేయమంటే కాదన్నారు, దాంతో బాడీల విభాగమూ సొంతంగానే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంత పనికి పెట్టుబడి కావాలి. డైరెక్టర్లు పెట్టింది తక్కువ. 1904లో చేతినిండా ఆర్డర్లు ఉండగానే కంపెనీ రిసీవర్ (అప్పులవాళ్ల తరఫున ఆస్తులను చేతిలోకి తీసుకునే అధికారి) చేతికి పోయింది. కారు బాగాలేక కాదు, కొనేవాళ్లు లేక కాదు. ముడిసరుకు కొని, జీతాలిచ్చి, కారు అమ్ముడై డబ్బు చేతికొచ్చేదాకా ఆగడానికి కావలసిన రొక్కం లేక. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే ఘట్టం ఇదే. కొత్త పేరుతో కంపెనీ మళ్లీ లేచింది గానీ, అందులో ఫ్రెడరిక్ మాట చెల్లుబాటు తగ్గింది. 1909లో ఆయన పోటీ కంపెనీ డైమ్లర్‌కు సలహాదారుగా చేరారు. కొన్నేళ్లకు తన పేరున్న కంపెనీతో పూర్తిగా తెగిపోయింది.

తర్వాత జార్జ్ నడిపారు. 1919లో వచ్చిన లాంచెస్టర్ ఫార్టీ రోల్స్ రాయిస్‌తో పోటీపడింది. ఆ తర్వాతి కాలంలో ఆరవ జార్జ్‌గా రాజైన డ్యూక్ ఆఫ్ యార్క్ కూడా ఈ కార్లు వాడారు. మన సంస్థానాధీశులూ మోజుపడ్డారు. ఏ పేరు మీద రంజీ ట్రోఫీ ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీ, నవానగర్ జామ్‌సాహెబ్, లాంచెస్టర్‌కు నమ్మకమైన ఖాతాదారు. 1924లో అల్వార్ మహారాజు చేయించుకున్న కారుకు ముందు భాగం మామూలు మోటారుదే, వెనక భాగం మాత్రం బ్రిటిష్ రాజుల పట్టాభిషేక రథాన్ని పోలి ఉంటుంది.

రాజుల ఆర్డర్లు ఎన్నాళ్లు ఆదుకుంటాయి? 1929 తర్వాతి ఆర్థిక మాంద్యంలో ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకున్న అప్పు, అంటే ఓవర్‌డ్రాఫ్ట్, కట్టమని బ్యాంకు పట్టుబట్టింది. 1931లో డైమ్లర్ యజమాని, తుపాకులూ మోటార్‌సైకిళ్లూ చేసే బీఎస్ఏ కంపెనీ కారుచౌకగా కొనేసుకుంది. పని కోవెంట్రీకి మారింది. అక్కడినుంచి లాంచెస్టర్ అంటే చిన్న సైజు డైమ్లర్ మీద వేసే బిళ్ల. 1950ల మధ్యలో అదీ ఆగిపోయింది. 1960లో డైమ్లర్‌ను జాగ్వార్ కొంది. ఆ జాగ్వారే 1953లో డిస్క్ బ్రేకులతో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ కార్ల రేసు గెలిచింది. అంతకు యాభై ఏళ్ల ముందు వాటికి పేటెంట్ తీసుకున్న మనిషి పేరు అలా దాని చేతికే చేరింది. తర్వాత బ్రిటిష్ లేలాండ్, ఫోర్డ్, చివరికి టాటా.

ఆలోచనలు మాత్రం బేరంతో పనిలేకుండా తిరిగాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి కాబట్టి లెక్క సరిపోవాలి. కానీ పిస్టన్‌కు పైసగంలో ఉన్న వేగం కిందిసగంలో ఉండదు. దాంతో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు అదురు పుడుతుంది. బరువులున్న రెండు షాఫ్టులను రెట్టింపు వేగంతో ఒకదానికొకటి ఎదురుగా తిప్పితే ఆ అదురు పోతుందని లాంచెస్టర్ చూపించారు. 1970లలో మిత్సుబిషి దీన్ని మెరుగుపరచి కార్లలో పెట్టింది. పోర్షే తన 944 కోసం మిత్సుబిషికి రాయల్టీ కట్టింది. మన బుల్లెట్ అదురు తెలిసినవాళ్లకు 2020లో అదే కంపెనీ తెచ్చిన మీటియర్ 350 బండి ఎందుకంత నున్నగా పోతుందో ఆశ్చర్యమేసి ఉంటుంది. అందులోనూ బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. సింగిల్ సిలిండర్ కాబట్టి అమరిక వేరు, కానీ బరువును బరువుతో కొట్టడమన్న సూత్రం అదే.

ఫ్రెడరిక్ విమానాల రెక్కల మీద, యుద్ధంలో బలాబలాల గణితం మీద కూడా రాశారు. 1922లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో ఫెలో అయ్యారు. 1930లలో లౌడ్ స్పీకర్ల వ్యాపారం పెట్టి నష్టపోయారు. ముసలితనంలో పార్కిన్సన్స్ జబ్బు పట్టుకుంది, చూపు మందగించింది. తాకట్టులో ఉన్న ఇంటిని మోటారు పరిశ్రమ వాళ్ల ధర్మనిధి ఆదుకుంది. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లోని ఆ ఇంట్లోనే పోయారు. ఆ ఏడాదే, యుద్ధం ముగిశాక, లాంచెస్టర్ పేరుతో కొత్త కార్లు మళ్లీ కోవెంట్రీ నుంచి బయటికొచ్చాయి. ఆ పేరు అప్పటికి బీఎస్ఏ ఆస్తి.