హోవార్డ్ జాన్సన్స్ ఎందుకు మూతపడింది? అపోహలు - వాస్తవాలు

అమెరికా హైవేల పక్కన నారింజ రంగు పైకప్పుతో ఉండే ఈ రెస్టారెంట్లు 1970లలో సుమారు వెయ్యి. చివరిది, న్యూయార్క్ రాష్ట్రం లేక్ జార్జ్‌లోది, 2022లో మూతపడింది. దీని గురించి చలామణీలో ఉన్న మాటలు చాలావరకు సగం నిజాలే.

అపోహ: ఫాస్ట్‌ఫుడ్ వచ్చి మింగేసింది.

వాస్తవం: ఆ దెబ్బ తగిలింది, కాదనలేం. కానీ ముందు ఈ సంస్థకు డబ్బు ఎటునుంచి వచ్చేదో చూడాలి. 1930లలో మసాచుసెట్స్ తీరంలోని కేప్ కాడ్‌లో మొదటి ఫ్రాంచైజీ ఇచ్చినప్పుడు పెట్టుబడి అవతలివాళ్లది. పేరు, డిజైన్, ఐస్‌క్రీమ్, సరుకు సంస్థ పెట్టిన హోవార్డ్ జాన్సన్‌వి. అసలు రాబడి సరుకు అమ్మకంలోనే. అంటే వెన్నెముక సెంట్రల్ కిచెన్, అంటే షాపులకు పంపే తిండిని ఒకేచోట తయారుచేసే వంటగది. 1979లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ గ్రూప్ మొత్తాన్ని కొన్నది. 1985లో హోటళ్ల సంస్థ మారియట్ చేతికి వచ్చింది. ఇదే పేరుతో నడిచే మోటెళ్లు (హైవే పక్క బస హోటళ్లు) ప్రైమ్ మోటర్ ఇన్స్ అనే సంస్థకు పోయాయి. మారియట్ తన వాటాకు వచ్చిన రెస్టారెంట్లను వేరే పేర్లకు మార్చేసింది. మిగిలిన ఫ్రాంచైజీలవాళ్లు 1986లో సొంతంగా సంస్థ పెట్టుకున్నారు. అయితే షాపులు తగ్గినా సరుకు చేరవేసే లారీ తిరిగే దూరం తగ్గదు, ఒక్కో షాపు మీద సరుకు ఖర్చు పెరుగుతూ పోతుంది.

పెట్రోలు మీద ఆధారపడ్డ వ్యాపారమని కూడా గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో రేషన్ పెట్టినప్పుడు, 1944 నాటికి పన్నెండు షాపులే మిగిలాయి. 1973 చమురు సంక్షోభం మళ్లీ అక్కడే కొట్టింది.

అపోహ: సెంట్రల్ కిచెన్ అంటే నాసిరకం తిండి.

వాస్తవం: 1960లో ఆ వంటగదికి తెచ్చుకున్నది జాక్ పెపాన్, పియర్ ఫ్రానీ అనే ఫ్రెంచి చెఫ్‌లను. పెపాన్ అక్కడ పదేళ్లు పనిచేశాడు. మార్జరిన్ తీసేసి వెన్న, ఎండు ఉల్లిపాయ బదులు పచ్చి ఉల్లిపాయ పెట్టారు.

కష్టం వేరే చోట ఉంది. రెండు లీటర్ల సూప్ కొలతల్ని వందతో గుణిస్తే రెండు వందల లీటర్ల సూప్ రాదు. పెద్ద కెటిల్‌లో పరిమాణంతో పోలిస్తే పైభాగం తక్కువ, ఆవిరి తక్కువ పోతుంది. నీళ్లు తగ్గించకపోతే పలచనైపోతుంది. చల్లారడం ఇంకా ప్రమాదం. ఇప్పటి అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడినుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. లోతైన గిన్నెలో వదిలేస్తే మధ్యభాగం దిగదు. లోతు తక్కువ ట్రేలలోకి మార్చాలి.

అపోహ: వేయించిన ఆల్చిప్పలు వీళ్లే కనిపెట్టారు.

వాస్తవం: కాదు, మసాచుసెట్స్ తీరంలో అంతకుముందే ఉన్నాయి. వీళ్లు దేశమంతా పరిచయం చేసింది ఆల్చిప్ప ‘పాదం’ (కదలడానికి వాడే కండ) నుంచి కోసిన పొడుగు ముక్కల్ని. పొట్ట భాగంతో సహా వేయిస్తే అందులోని తడికి నూనె చిటపటలాడుతుంది, పూత జారుతుంది, నిల్వా తక్కువే. ముక్కలన్నీ ఒకే మందంలో ఉంటే ఏ ఊళ్లోనైనా వేగే సమయం ఒకటే. గొలుసు హోటల్‌కు కావలసింది అదే.

అపోహ: దారిన పోయే ప్రతివాడికీ అక్కడ కుర్చీ ఉండేది.

వాస్తవం: 1957 అక్టోబర్‌లో డెలావేర్‌లోని డోవర్‌లో ఘనా ఆర్థికమంత్రి గ్బెడెమా ఆరెంజ్ జ్యూస్ కొంటే, నల్లజాతివాళ్లు లోపల కూర్చుని తాగకూడదన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ను వైట్‌హౌస్‌కు అల్పాహారానికి పిలవాల్సి వచ్చింది. ‘కుటుంబ రెస్టారెంట్’ అనే జ్ఞాపకాల్లో ఈ సంగతి తరచూ జారిపోతుంది.

అపోహ: బోర్డు ఉందంటే రెస్టారెంట్ ఉన్నట్టే.

వాస్తవం: ఆ పేరు ఇప్పుడు విండమ్ సంస్థది, మోటెళ్లకే. ఒకప్పుడు ఆ రెస్టారెంట్లకు పేరు తెచ్చిన ఇరవై ఎనిమిది రకాల ఐస్‌క్రీమ్ కోసం అక్కడ ఆగకండి.