టాటింగ్ పువ్వుల గ్రీటింగ్ కార్డులు: అపోహలు - వాస్తవాలు

ఉగాదికి నేను చేసే కార్డు మీద వేపపూత ఉంటుంది. తెల్ల దారంతో ఐదు రేకల పువ్వులు మూడు, ఒక్కో రేక కొసన ఒక చిన్న గాజుపూస, పువ్వు నడుమ పసుపు పూస. చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందుగా అనే మాట, "క్రోషియా ఎంత బాగా వేశారండీ!" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇది క్రోషియా కాదు, టాటింగ్ అనే ముళ్ల లేసు. క్రోషియాలో కొక్కెం సూదితో ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతారు. కొస పట్టుకుని లాగితే అల్లినదంతా ఊడొస్తుంది. మన నరసాపురం లేసు ఆ పనే, దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టాటింగ్‌లో ఉన్నవన్నీ ముళ్లే. దారం చుట్టిన చిన్న షటిల్‌ని కుడి చేత్తో ఆడిస్తూ, ఎడమ చేతి వేళ్ల చుట్టూ ఉన్న దారంతో ముడి పక్కన ముడి పేర్చుకుంటూ పోతాం. షటిల్ అంటే మగ్గం మీద నేతవాళ్లు విసిరే నాడెకి చిట్టి చెల్లెలు అనుకోండి, పడవలా ఉంటుంది. జర్మన్ భాషలో అయితే ఈ పని పేరే 'చిన్న పడవ పని'. మధ్యలో ఎక్కడైనా దారం తెగినా మిగతా ముళ్లు జారిపోవు. తప్పు పడితే విప్పడం కష్టం కావడానికి కారణం కూడా అదే.

"సన్నటి వేళ్లు, చురుకైన చూపు ఉన్నవాళ్లకే వస్తుంది" అన్నది రెండో మాట. మా పక్కింటి అత్తయ్యగారు అరవై దాటాక నేర్చుకున్నారు. చాలామంది ఆగిపోయేది వేళ్ల దగ్గర కాదు, ముడి మారే చోట. షటిల్‌ని వేళ్ల మీది దారం కిందుగా పోనిచ్చి లాగగానే ముడి పడుతుంది, కానీ పడేది షటిల్ దారంతో. అది అలాగే బిగిస్తే ఇక కదలదు, చివర్లో రేక మూసుకోదు. ఎడమ చేతి వేళ్లు కాస్త వదులు చేసి, షటిల్ దారాన్ని బిగుతుగా లాగాలి. అప్పుడు ముడి ఒక దారం మీంచి రెండో దారం మీదకి గెంతుతుంది. ఆ చిన్న కుదుపు వేలికి తెలుస్తుంది. అది ఒక్కసారి తెలిసిందంటే పని వచ్చినట్టే.

నేర్పేటప్పుడు నేను షటిల్‌కి ఎర్ర దారం చుట్టి, వేళ్లకి తెల్ల దారం ఇస్తాను. ముడి తెల్లగా కనిపిస్తే సరైనది, ఎర్రగా కనిపిస్తే మారలేదు. మూడు రోజులు దీనికే పోయినా టెన్షన్ పడకండి.

దారం నంబరు పెరిగితే లావు పెరుగుతుందనుకుంటారు. ఉల్టా. 20 కన్నా 40 సన్నం, 80 ఇంకా సన్నం. కొత్తవాళ్లు 20తో మొదలుపెడితే ముళ్లు కంటికి ఆనతాయి.

ఇక పూసలు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే: "పువ్వు అయ్యాక పూసలు అంటించేస్తారు కదా!" లేదండీ. రేకల కొసన ఉన్న పూసలు మొదటి ముడి పడకముందే దారంలో ఉంటాయి. రేకకి ఒకటి చొప్పున పువ్వుకి 5, మూడు పువ్వులకి 15. ముందు అవి లెక్కపెట్టి గుచ్చుకుని, ఆ తర్వాతే షటిల్‌కి దారం చుడతాను. ఒకటి పగిలితే ఆగిపోకుండా రెండు ఎక్కువే గుచ్చుతాను. ప్రతి రేకకీ వేళ్ల చుట్టూ దారం వేసుకునేటప్పుడే ఒక పూసని ఆ చుట్టులోకి జరుపుకోవాలి. నాలుగు ముళ్లు, పక్క రేకతో కలిపే ఉచ్చు, నాలుగు ముళ్లు, అక్కడ పూస, మళ్లీ నాలుగు, ఉచ్చు, నాలుగు. పూస జరపడం మరిచిపోయి మొదలుపెడితే ఇక ఆ చుట్టులోకి రాదు, ముళ్లు అడ్డం. ఒక పెళ్లి కార్డుకి నేను అలాగే మరిచిపోయి, ముళ్లు విప్పే దారి లేక అయిన రెండు రేకల్నీ కత్తిరించేశాను. 11 సైజు పూసకి 40 నంబరు దారం సరిపోతుంది, 20 అయితే కాస్త పెద్దదైన 8 సైజు పూస తీసుకోండి. దారం కొసకి గోళ్ల రంగు రాసి, ఆరాక ఏటవాలుగా కత్తిరిస్తే సూది లేకుండానే పూసలు ఎక్కుతాయి. మగ్గం వర్క్ సామాను అమ్మే షాపుల్లో పూసలు దొరుకుతాయి, కాకపోతే రంధ్రం అంచు పదునుగా ఉన్నవి ఏరి పారేయండి, దారాన్ని కోసేస్తాయి.

"ఇంత పువ్వుకి అంత ధరా?" అనేవాళ్లకి లెక్క చెబుతాను. రేకకి 16 ముళ్లు, పువ్వుకి 80, కార్డుకి 240. ఒక్కో ముడి రెండు అరముళ్లు, అంటే షటిల్ 480 సార్లు వెళ్లిరావాలి. ఆ ధర కాగితానిది కాదు.

కార్డుకి బిగించడానికి జిగురు చాలనుకోవడం పొరపాటు. తెల్ల జిగురు దారంలోకి ఇంకి, ఆరాక మెరుస్తూ మరకలా కనబడుతుంది. నేను నడుమ పసుపు పూసని సూదితో కార్డులోంచి కుట్టేస్తాను, పువ్వు కూడా దాంతోపాటే నిలుస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) అట్ట అయితే కుట్టుకి చిరగదు. ముందే గుండుసూదితో రంధ్రాలు చేసుకోవాలి. లోపల కనిపించే కుట్టు మీద ఒక పల్చటి కాగితం అంటిస్తే సరి.

పువ్వు నిలబడాలని గంజి పెట్టకండి. పాత పుస్తకాల్లో తిరిగే వెండి రంగు పురుగులకి గంజి ఇష్టం. తడిపి, థర్మాకోల్ మీద గుండుసూదులతో రేకలు సరిచేసి ఆరబెడితే చాలు.

"పోస్టులో నలిగిపోతుంది" అని భయపడేవాళ్లూ ఉన్నారు. దారానికి ఏమీ కాదు. దెబ్బంతా పూసలదే, ఒత్తిడికి అవి అట్ట మీద గుంటలు పెడతాయి. పువ్వు మీద పల్చటి ఫోమ్ ముక్క వేసి, కవరుకి రెండు పక్కలా అట్ట పెట్టండి. స్టాంపు అంటించేది కవరు కుడివైపు పై మూల, ముద్ర పడేదీ అక్కడే. అందుకే వేపరెమ్మ ఎప్పుడూ ఎడమవైపు కిందకి వచ్చేలా కార్డు సర్దుతాను.